చిప్పులో అప్పగింతలు

మా ఊరి పేరు నగరం. పేరు విని మేడలూ మిద్దెలూ ఊహించుకోకండి. చుట్టూ వరిచేలు, మధ్యలో మండలం ఆఫీసులు, ఓ బజారు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. బయటివాళ్లు 'మీదే ఊరండీ?' అంటే 'నగరం' అంటాం. 'అదే, ఏ నగరం?' అని మళ్లీ అడుగుతారు. ఆ నగరంలో నాదో ఫొటో స్టూడియో. ముప్ఫయ్యేళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వీడియో తీస్తున్నాను. ఎన్ని తీశానో లెక్క రాసుకోలేదు. పోగొట్టుకున్నది మాత్రం బాగా గుర్తుంది. ఒక పెళ్లిలో ఒక ముక్క. అది క్యాసెట్టు తెగి పోలేదు, వానకు తడిసి పోలేదు. నేనే, నా వేలితో ఒక్క నొక్కు నొక్కి పోగొట్టాను.

నేను పని నేర్చుకునే రోజుల్లో అంతా వీహెచ్‌ఎస్. పానాసోనిక్ ఎమ్ 3000 కెమెరా భుజాన వేసుకుంటే తెల్లారేసరికి భుజం వాచిపోయేది. వెనక లైటు పట్టుకునే కుర్రాడు, వాడి వెనక వైరు చుట్ట మోసేవాడు ఇంకొకడు. ఎడిటింగ్ అనే మాట మాకు తెలీదు. 'మిక్సింగ్' అనేవాళ్లం. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్లికూతురు, గుండె బొమ్మలో పెళ్లికొడుకు, వెనకాల సినిమా పాట. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు పువ్వు లేకపోతే డబ్బులివ్వడానికి సణిగేవాళ్లు.

ఆ రోజుల్లో మా గురువుగారు రెండు సంగతులు గట్టిగా చెప్పారు. ఒకటి, అప్పగింతలప్పుడు కెమెరా ఆపకూడదు. ఎవరెప్పుడు ఏడుస్తారో, ఎవరేం మాట్లాడతారో తెలీదు, అది మళ్లీ రాదు. రెండు, క్యాసెట్టు నిండగానే దాని వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కని గోటితో విరిచేయాలి. అది విరిస్తే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరు. మొదటి మాట నేను మరిచిపోలేదు. రెండోది ఎందుకు చెప్పారో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత మినీ డీవీ వచ్చింది. అరచేతిలో ఇమిడే క్యాసెట్టు, గంట నిడివి. వైరు పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాలి. దాన్ని 'క్యాప్చర్' అంటాం. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంట పట్టాల్సిందే, తొందరపెడితే కుదరదు. గంటకి 13 జీబీ. పెళ్లికి నాలుగైదు క్యాసెట్లు, అంటే నాలుగైదు గంటలు అక్కడే కూర్చోవాలి. టీ తెప్పించుకుని తెర వంక చూస్తూ కూర్చునేవాణ్ని. విసుగొచ్చేది. అప్పుడు నాకు తెలీదు, ఆ విసుగే నన్ను కాపాడుతోందని. తీసిన ప్రతి నిమిషాన్నీ ఒకసారి కళ్లతో చూసేవాణ్ని కదా! ఎక్కడన్నా గీతలు పడ్డా, మాట వినపడకపోయినా అక్కడే తెలిసిపోయేది. క్యాప్చర్ అయ్యాక క్యాసెట్ల మీద పేరూ తేదీ రాసి అట్టపెట్టెలో పడేసేవాణ్ని. కంప్యూటర్ కూలిపోయినా, హార్డ్ డిస్కు కాలిపోయినా అట్టపెట్టెలో అసలు ఉండేది. అసలు ఉన్నవాడికి భయమెందుకు?

* * *

కొత్త టెక్నాలజీ అంటే మా ప్రాంతానికి బెరుకు లేదు. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణగారు 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగుకు సినిమాస్కోపు, 1986లో 'సింహాసనం'తో 70 ఎమ్ఎమ్ తెచ్చారు. మేం మాత్రం తక్కువ తిన్నామా? టేపు లేని కెమెరాలు వస్తున్నాయనగానే చెవులు నిక్కబొడుచుకున్నాం. 2004లో పానాసోనిక్ పీ2 కార్డులు తెచ్చింది. అవి టీవీ చానెళ్ల వాళ్లకే గానీ మాబోటి వాళ్లకు అందే ధర కాదు. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి తెచ్చాక మామూలు మెమరీ కార్డు మీద హెచ్‌డీ వీడియో పట్టింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా' సినిమాని ఫొటోలు తీసే కెనాన్ 5డీ కెమెరాలతో, అయిదు రోజుల్లో తీసేశాడని విని స్టూడియోల వాళ్లమంతా అదే మాట్లాడుకున్నాం. అదే ఏడాది మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చి సోనీ టేపుల ఫ్యాక్టరీ దెబ్బతింది. హాలీవుడ్ వాళ్లకే మంచి టేపులు దొరక్క కటకటలాడారు. టేపు కాలం అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది.

నేనూ ఆ ఏడాదే అప్పు చేసి చిప్పు కెమెరా కొన్నాను. మెమరీ కార్డుని మా దగ్గర చిప్పు అనే అంటారు. మొదటి వారంలోనే చుక్కలు కనిపించాయి. క్యాసెట్టు వీడియోలు పరిగెత్తించిన కంప్యూటర్ ఈ కొత్త ఫైలు పెట్టగానే ఎక్కిళ్లు పెట్టడం మొదలెట్టింది. ఎందుకంటే టేపు మీద సెకనుకు 25 బొమ్మలు, ఏ బొమ్మకా బొమ్మ పూర్తిగా ఉంటుంది. చిప్పులో అలా కాదు. ఒక బొమ్మ పూర్తిగా రాసుకుని, ఆ తర్వాతి వాటికి 'పెళ్లికూతురు రెప్ప వాల్చింది, మిగతాదంతా షరా మామూలే' అని మార్పులు మాత్రం రాసుకుంటుంది. అందుకే టేపు కన్నా అయిదింతలు వివరంగా ఉన్న గంట బొమ్మ 11 జీబీల్లో ఇమిడిపోతుంది. కానీ మధ్యలో ఎక్కడన్నా కత్తెర వేయాలంటే కంప్యూటర్ వెనక్కెళ్లి, షరా మామూలంటే ఏమిటో లెక్కగట్టుకుని రావాలి. పాత మెషిన్‌కి అంత ఊపిరి లేదు. ఎడియస్‌లో ముందుగా ఫైళ్లన్నీ కత్తిరింపుకు అనువైన రకంలోకి మార్చుకుంటే పని నడిచింది. ఫైళ్లు మాత్రం కొన్ని రెట్లు లావయ్యాయి. రాత్రి మార్పిడికి పెట్టి పడుకునేవాణ్ని.

ఇంకో తంటా. కొత్త కెమెరా బొమ్మలో ముందు పై గీతలు వస్తాయి, పాత డీవీ కెమెరాలో ముందు కింది గీతలు. ఇది తెలీక రెండూ కలిపేస్తే తాళి కట్టే చేతులు దువ్వెన పళ్లలా చీలి కనిపించాయి. పంతులుగారు అక్షింతలు వేస్తుంటే వణుకు రోగం వచ్చినట్టుంది. సెట్టింగుల్లో ఒక్క మాట మారిస్తే సరిపోయింది గానీ, ఆ ఒక్క మాట దొరకడానికి నాలుగు రాత్రులు పట్టింది.

ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించే తప్పుని ఎలాగో సరిచేయొచ్చు.

* * *

2012 మాఘమాసం. మా ఊరికి దగ్గర్లోనే ఓ రైతుగారి అమ్మాయి పెళ్లి. ఒక్కతే కూతురు. రాత్రి రెండు దాటాక ముహూర్తం. 32 జీబీ చిప్పు ఒకటి, 16 జీబీది ఒకటి పట్టుకెళ్లాను. ఎదుర్కోలు నుంచి తలంబ్రాల దాకా పెద్ద చిప్పులో పట్టింది. ఆఖరి బంతి భోజనాలు, అరుంధతి, అప్పగింతలు చిన్న చిప్పులో. తెల్లారుతుండగా అప్పగింతలు. గురువుగారి మాట ప్రకారం కెమెరా ఆపలేదు.

పొద్దున ఏడింటికి స్టూడియోకి వచ్చాను. కళ్లు మూతలు పడుతున్నాయి. మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఓణీల ఫంక్షన్, చిప్పులు ఖాళీ కావాలి. కెమెరాలో ఉన్న చిన్న చిప్పు తీసి, అందులోని 19 ఫైళ్లని కంప్యూటర్లో పెళ్లికూతురి పేరుతో పెట్టిన ఫోల్డర్‌లో వేశాను. తర్వాత సంచిలోంచి పెద్ద చిప్పు తీసి, అందులోని 62 ఫైళ్లని అదే ఫోల్డర్‌లో వేయబోయాను. కంప్యూటర్ ఏదో అడిగింది. 'ఈ పేరుతో ఇప్పటికే ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా?' అని. రోజుకి యాభైసార్లు అది ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. 'అన్నిటికీ సరే' అని నొక్కాను.

సంగతేమిటంటే, ఈ కెమెరా ఫైళ్లకు అంకెలే పేర్లు. కొత్తగా ఫార్మాట్ చేసిన ప్రతి చిప్పులోనూ లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. చిన్న చిప్పులో మొదటి ఫైలు పేరు అయిదు సున్నాలు. పెద్ద చిప్పులో మొదటి ఫైలు పేరూ అయిదు సున్నాలే. నేను 'సరే' అన్న మరుక్షణం పంతొమ్మిది ఫైళ్ల మీద పంతొమ్మిది ఫైళ్లు కూర్చున్నాయి. 45 జీబీ దాకా ఉండాల్సిన ఫోల్డర్ 30 జీబీ దగ్గర ఆగింది. అది చూసే ఓపిక లేదు. రెండు చిప్పులూ కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టాను.

ఆ మధ్యాహ్నం ఓణీల ఫంక్షన్‌లో చిన్న చిప్పు ఓ ఇరవై నిమిషాలు పనిచేసి, తెర మీద ఏదో ఎర్రగుర్తు చూపించి మొరాయించింది. 'ఇది పోయింది' అనుకుని వేరే చిప్పు వేశాను. దాన్ని తెచ్చి సొరుగులో పడేశాను.

సీజన్లో మిక్సింగ్ ఎప్పుడూ ఆలస్యమే. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. వైశాఖంలో ఆ రైతుగారు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయిన కొన్నాళ్లకి ఆ అమ్మాయి స్టూడియోకి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "అన్నయ్యా, అప్పగింతలప్పుడు మా నాన్న మా ఆయనతో ఏదో అన్నారు. ఏడుపులో నాకు సరిగ్గా వినపడలేదు. వీడియోలో ఉందా?" అంది.

"ఎందుకుండదమ్మా! మిక్సింగ్‌లో ఉంది. వారంలో ఇచ్చేస్తా" అన్నాను. అప్పటికి నేను ఆ ఫోల్డర్ తెరిచి కూడా చూడలేదు.

ఆ రాత్రి తెరిచాను. 62 ఫైళ్లు. తలంబ్రాలతో ఆగిపోయాయి. మళ్లీ చూశాను. ఇంకో డిస్కు వెతికాను. ఒంటిగంటకి అర్థమైంది, ఏం జరిగిందో. ఒళ్లు చల్లబడిపోయింది. అట్టపెట్టె కోసం చూస్తే అట్టపెట్టె లేదు. క్యాసెట్టు కాలంలో కంప్యూటర్లో ఉన్నది నకలు, అట్టపెట్టెలో ఉన్నది అసలు. ఇప్పుడు చిప్పు తుడిచేశాక నకలే అసలు. ఆ నకలు మీద నేనే ఇంకోటి రాసేశాను.

* * *

తెల్లవారుజామున సొరుగులోని చిప్పు గుర్తొచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, రేపల్లె వెళ్లి తెనాలి ప్యాసింజరెక్కాను. భట్టిప్రోలు స్టేషన్లో రైలు ఆగింది. 1892లో అక్కడి బౌద్ధ స్తూపంలో అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్విస్తే రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు. రెండు వేల ఏళ్లు దాటినా చదవొచ్చు. ఎప్పుడూ పట్టించుకోని ఆ సంగతి ఆ వేళ గుర్తొచ్చి జేబు తడుముకున్నాను. రాయి మీద రాసినవాడు అదృష్టవంతుడు, వాణ్ని ఎవరూ 'అన్నిటికీ సరేనా?' అని అడగలేదు.

తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు తెలుసు. విషయం విని, "బాబాయ్, తర్వాత దీంట్లో ఏమన్నా తీశావా?" అన్నాడు. ఇరవై నిమిషాలు అన్నాను. "అయితే ఫర్వాలేదు. దీన్ని ఇంక ముట్టుకోకు" అన్నాడు.

వాడు చెప్పాక తెలిసింది. ఫార్మాట్ అంటే చెరిపేయడం కాదట. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపడం లాంటిదట. లోపలి పేజీలన్నీ అలాగే ఉంటాయి, ఏ పేజీలో ఏముందో మాత్రం తెలీదు. ఆ పేజీల మీద కొత్తది రాసినప్పుడే పాతది నిజంగా పోతుంది. చిప్పు పిన్నుల మీద మట్టి తుడిచాడు. అంతే, చిప్పు పలికింది! అది పాడవలేదు, మురికి పట్టిందంతే. నేను చెడిపోయిందనుకుని పక్కన పడేయబట్టే మూడు నెలలు దాని మీద ఇంకేమీ ఎక్కలేదు.

ముందు చిప్పుకి చిప్పంత నకలు తీసి, లాకు జరిపి పక్కన పెట్టేశాడు. "అసలు మీద ప్రయోగాలు చేయకూడదు బాబాయ్" అన్నాడు. తర్వాత ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ నకలు మీద వదిలాడు. అది పేర్లతో పనిలేకుండా, ఫైళ్లు ఎలా మొదలవుతాయో ఆనవాళ్లు పట్టి వెతుకుతుంది. సాయంత్రానికి పేరూ వరసా లేని ఫైళ్లు కొన్ని వచ్చాయి. కొత్త ఫంక్షన్ చిప్పు మొదట్లోంచి రాసుకుంటూ వచ్చింది కాబట్టి మొదటి ఇరవై నిమిషాలూ పోయాయి. అంటే భోజనాలు పోయాయి. అప్పగింతలు చివర ఉన్నాయి కాబట్టి బతికాయి.

ఒక్కోటీ ఆడించి చూస్తుంటే, ఒకదాంట్లో రైతుగారు అల్లుడి చేతులు పట్టుకుని ఉన్నారు. "అది అన్నం టైముకి..." అన్నారు, ఫైలు అయిపోయింది. ఇంకో ఫైలు తెరిస్తే "...బాబూ, కాస్త చూసుకో" అని మొదలైంది. మధ్యలో మాట లేదు.

ఆపకుండా తీసినా, ఈ కెమెరా రెండు జీబీలకోసారి, అంటే పదకొండు నిమిషాలకోసారి, ఫైలు తెంపి కొత్తది మొదలెడుతుంది. చిప్పులోని ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు తెస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రెండిటినీ అతుకు తెలీకుండా కలుపుకుంటుంది. విడివిడిగా వేస్తే అతుకు దగ్గర ఉన్న ముక్కని అటూ ఇటూ ఎవరూ చదవరు. సరిగ్గా ఆ అతుకు మీద పడింది రైతుగారి మాట. కుర్రాడు కాసేపు ఆలోచించి, నల్ల తెర తెరిచి, 'కాపీ' అని కొట్టి, 'స్లాష్ బీ' పెట్టి, రెండు ఫైళ్ల పేర్ల మధ్య కూడిక గుర్తు వేశాడు. తాడు ముక్కలు రెండూ కొసకి కొస కలిపినట్టు. మళ్లీ ఆడించాడు.

"అది అన్నం టైముకి తినదు బాబూ, కాస్త చూసుకో."

అదీ ఆయన అన్నమాట. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు.

* * *

తిరిగొస్తూ రైల్లో ఆలోచించాను. భోజనాల ముక్క సంగతి ఏం చెప్పాలి? 'చిప్పు పాడైందమ్మా' అంటే నమ్మేస్తుంది. మా వృత్తిలో అందరం అనే మాటే అది. చిప్పు నోరు విప్పి కాదనదు.

డీవీడీ ఇచ్చేముందు ఆ అమ్మాయికి స్టూడియోలోనే చూపించాను. తండ్రి మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "భోజనాల దగ్గర నాన్న బంతిలో అందరికీ వడ్డిస్తూ తిరిగారు కదా అన్నయ్యా, అది?" అంది.

"అది లేదమ్మా. చిప్పు తప్పు కాదు. నిద్రమత్తులో నేనే చెరిపేశాను. ఇది కూడా పోవాల్సిందే, అదృష్టం కొద్దీ దొరికింది. వారంలో ఇస్తానన్న రోజున నేను చూడకుండానే ఉందని చెప్పాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సరేనని కూడా అనలేదు. "ఆ మాట ఇంకోసారి పెట్టండి" అంది. పెట్టాను. డబ్బులు తీసుకోలేదు. వాళ్ల చుట్టాల పెళ్లిళ్లకి తర్వాత నన్ను పిలిచారు, కొందరు పిలవలేదు. దేనికీ నేను బాధపడే హక్కు లేదు.

ఇలాంటిది నాకొక్కడికే జరగలేదని తర్వాత తెలిసింది. 1998లో 'టాయ్ స్టోరీ 2' సినిమా తీస్తుండగా ఎవరో పొరపాటున ఒక్క ఆదేశం కొడితే సినిమాలో చాలా భాగం కళ్ల ముందే మాయమైపోయిందట. ఆఫీసులో దాచిన నకలు పనిచేయలేదు. బిడ్డ పుట్టి ఇంటి నుంచి పనిచేస్తున్న ఓ ఉద్యోగిని కంప్యూటర్లో ఇంకో నకలుంటే, దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో భద్రంగా తెచ్చుకున్నారట. అంత పెద్ద పిక్సార్ కంపెనీని కాపాడింది రెండో ఇంట్లో ఉన్న రెండో నకలు.

అప్పట్నుంచి మా స్టూడియోలో కొన్ని కట్టుబాట్లు. ప్రతి చిప్పుకీ స్కెచ్‌పెన్నుతో నంబరు. నిండగానే పక్కనున్న చిన్న లాకు కిందికి జరపాలి. వీహెచ్‌ఎస్ క్యాసెట్టుకి మా గురువుగారు విరిపించిన ప్లాస్టిక్ ముక్కే ఇది, రూపం మారిందంతే. ఒక్కో చిప్పుకి ఒక్కో ఫోల్డర్. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోకుండా, చిప్పులో ఉన్నదంతా ఉన్నట్టు దించాలి. ఫైళ్ల సంఖ్య, జీబీలు రెండు వైపులా సరిచూడాలి. మొదలు, మధ్య, చివర కాసేపు ఆడించి చూడాలి. రెండో డిస్కులోకి కాపీ అయ్యి, ఆ డిస్కు మా ఇంటికి చేరాకే ఫార్మాట్. అదీ నిద్రపోయి లేచాక. కంప్యూటర్ ఏదన్నా అడిగితే చదవకుండా 'సరే' అనకూడదు. ఈ ఆఖరిది గోడ మీద రాసి పెట్టాను.

ఇప్పుడు పెళ్లికి నాలుగు కెమెరాలు, పైన డ్రోను, చుట్టాల ఫోన్లలో తీసినవి వేరే. కొత్త తంటాలు కొత్తగా వస్తూనే ఉన్నాయి. ఫోన్లు సెకనుకి ఇన్ని బొమ్మలని ఒకే లెక్కన తీయవు, వెలుతుర్ని బట్టి మార్చేస్తుంటాయి. అందుకే పది నిమిషాలు గడిచేసరికి పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట. ముందు వాటిని ఒకే లెక్కలోకి మార్చుకుని గానీ కత్తెర పట్టుకోను. గంట వీడియో పది నిమిషాల్లో కంప్యూటర్లోకి దిగిపోతోంది. మిగిలిన యాభై నిమిషాలూ నేను మిగుల్చుకోలేదు. పాత క్యాప్చర్ రోజుల్లోలాగే టీ తెచ్చుకుని, తీసింది చూస్తూ కూర్చుంటాను. మా కుర్రాళ్లు నవ్వుతారు.

ఆ 16 జీబీ చిప్పు ఇంకా నా సొరుగులోనే ఉంది. లాకు కిందికి జరిపి ఉంది.